సమస్య: "చచ్చినట్టివాఁడు చట్టమయ్యె" (ఎడ్డీ గార్సియా)

నిర్వహణ: ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం, ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి: *చచ్చినట్టివాఁడు చట్టమయ్యె.*

చచ్చి, నట్టి, వాఁడు, చట్ట, మయ్యె. అయిదూ సూర్యగణాలే (గురువు-లఘువు లేదా మూడు లఘువులు), మొదటి, నాలుగో గణాల తొలి అక్షరాలకి చ-చ యతి. వస్తువు ఫిలిప్పీన్స్ నటుడు ఎడ్డీ గార్సియా జీవితం. ఆయన 1929 మే 2న సొర్సొగోన్ రాష్ట్రంలోని హూబన్‌లో పుట్టాడు. ఫిలిప్పీన్ స్కౌట్స్ దళంలో సైనికుడిగా చేసి, 1949లో సినిమాల్లోకి వచ్చాడు. సంపగీత పిక్చర్స్ అనే చిత్రసంస్థలో ప్రతినాయకుడిగా స్థిరపడ్డాడు. అక్కడి సినిమా పురస్కారాలైన ఫామాస్‌లో నటుడు, సహాయనటుడు, దర్శకుడు ఈ మూడు విభాగాల్లోనూ హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎక్కాడు. 2012 నాటి 'బ్వాకావ్'లో ముసలితనంలో ఒంటరిగా కుక్కతో బతికే రెనె పాత్రకి ఆసియన్ ఫిల్మ్ అవార్డుల్లో ఉత్తమ నటుడయ్యాడు. 2018లో 'ఎం ఎల్' చిత్రంలో చిత్రహింసలు పెట్టే కర్నలుగా సినిమలాయ చలనచిత్రోత్సవంలో మళ్ళీ గెలిచాడు. అప్పటికి వయసు 89.

2019 జూన్ 8న మనీలాలోని తోందోలో టీవీ ధారావాహిక చిత్రీకరణ జరుగుతుండగా కాలికి కేబుల్ తగిలి పడిపోయాడు. స్పృహ రాలేదు. జూన్ 20న మరణించాడు. సినిమా, టీవీ పనివాళ్ళ కోసం 2024 మే 24న సంతకమైన రిపబ్లిక్ చట్టం 11996ని అక్కడ ఎడ్డీ గార్సియా చట్టం అనే పిలుస్తారు. సమస్యకి కీలకం అదే.

పూరించేవారికి ఒక్క మాట. 'గార్సియా' ర-గణం (గురువు-లఘువు-గురువు). ఒక్క సూర్యగణంలో ఇమడదు. పేరు విరగకుండా ఒకే గణంగా నిలవాలంటే ఒకటి, మూడు పాదాల చివర ఉండే రెండు ఇంద్రగణాల్లోనే పడుతుంది.

గోదారిగట్టు:

తీగ తగిలి పడెను తొంబదేండ్ల నటుఁడు
నేలఁ గూలె విఱిగె నిలువు మెడయు
నాటి తప్పు నెఱిఁగి నవశాసనము సేయఁ
జచ్చినట్టివాఁడు చట్టమయ్యె

యతిమైత్రి: గోదారిగట్టు గారూ, మొదటి పాదంలో యతి తప్పింది. తీ-తొ హల్లు కలిసినా అచ్చు కలవదు. ఈకారానికి ఇ, ఎ, ఏ, ఋ మాత్రమే చెలిమి. ఒకారం ఉ, ఊ, ఓ పక్షం. పైగా 'పడెను' అన్నాక మళ్ళీ 'నేలఁ గూలె' పునరుక్తి. రెండూ ఒక్క సవరణతో తీరతాయి:

తోవ తీగ తగిలి తొంబదేండ్ల నటుఁడు

తోవకి అడ్డంగా పడి ఉన్న తీగ అని అర్థమూ బిగిసింది. చివర 'సేయఁ జచ్చిన' అని చకారాన్ని జకారంగా, అంటే పరుషాన్ని సరళంగా, చెయ్యడం బాగుంది. చ-జ ఒకే వర్గం కాబట్టి లోపలి 'చట్ట'తో యతి చెడదు. సమస్యలో మొదటి అక్షరాన్ని మార్చకూడదని కొందరు పట్టుబడతారు గానీ, ద్రుతం (మాట చివరి నకారం) మీద పరుషాన్ని అలాగే ఉంచితే వ్యాకరణం పోతుంది.

తెరవెలుగు: 'విఱిగె నిలువు మెడయు' నాకు ఈ పద్యంలో ప్రాణం. మొదటి వార్తల్లో గుండెపోటు అని వచ్చింది. అసలు దెబ్బ మెడ ఎముకకి. సైనికుడిగా నిటారుగా నిలిచిన మనిషి మెడ అది. 'నిలువు' అన్న ఒక్క విశేషణం ఆ రెండింటినీ పట్టుకుంది.

పద్యాలతోట:

తెరను దుష్టుఁడనుచుఁ దిట్టించుకొనె నెంతొ
బయట మనొయి యనిరి పలువురెలమి
వెనుక వచ్చు వారి వెతఁ దీర్చఁ బూనుచుఁ
జచ్చినట్టివాఁడు చట్టమయ్యె

యతిమైత్రి: గణాలూ యతులూ సరిపోయాయి. 'మనొయి' దగ్గర ఆగాలి. అసలు పిలుపు మనోయ్, లఘువు మీద గురువు. సూర్యగణం కాదని మీరు దీర్ఘం తీసేసి, చివర ఇకారం చేర్చారు. పరాయి పేరుని ఛందస్సు కోసం నొక్కితే ఆ పేరు వినబడదు. అది బికోల్ ప్రాంతంలో పెద్దన్నని పిలిచే మాట. మనకి తెలుగులో 'అన్న' ఉండగా బాధెందుకు?

బయట నన్న యనిరి పలువురెలమి

తెరవెలుగు: నా అభ్యంతరం మూడో పాదం మీద. 'వెతఁ దీర్చఁ బూనుచుఁ జచ్చిన' అంటే ఆయన ఇతరుల కోసం ప్రాణం ఇచ్చినట్టు. అలా జరగలేదు. ఆయన పనికి వచ్చాడు, నేల మీద తీగ ఉంది, పడ్డాడు. దాన్ని త్యాగం అంటే ఆ తీగని అక్కడ వదిలినవాళ్ళ బాధ్యత కనబడకుండా పోతుంది. పాత్ర ఎంత గొప్పదైనా ఇక్కడ కరుణ చాలు, వీరం వద్దు. 'వెతఁ దీఱునట్లుగాఁ' అంటే సల-ర, రెండూ ఇంద్రగణాలే, యతి అలాగే ఉంటుంది, ఫలితం చట్టానికి చెందుతుంది.

పద్యాలతోట: ఒప్పుకుంటున్నానండీ. రెండు సవరణలూ తీసుకుంటాను.

కొలతబద్ద:

పనికి మేర గట్టెఁ బదునాల్గు గంటలు
అఱువదనుచు వారమంతలోన
మరల సెట్టుమీద మరణమ్ము రాకుండఁ
జచ్చినట్టివాఁడు చట్టమయ్యె

యతిమైత్రి: అంకెల్ని ఆటవెలదిలో ఇంత నీటుగా ఇమడ్చడం కష్టం. కాకపోతే 'గంటలు / అఱువది' విసంధి, చెయ్యాల్సిన సంధి చెయ్యలేదు. ఉత్వసంధి నిత్యం. సంధి చేస్తే మొదటి పాదం చివర 'గంట' మాత్రమే మిగిలి ఇంద్రగణం పోతుంది. ద్వితీయ చెయ్యండి: 'గంటల / నఱువదనుచు'. 'గంటలు' కాస్తా 'గంటల' అయినా భగణం (గురువు, రెండు లఘువులు) నిలుస్తుంది. రెండో పాదంలో న్+అ, వారము+అంత, రెండు చోట్లా అకారమే కనుక స్వరయతి చెల్లుతుంది.

తెరవెలుగు: విషయమూ సరైనదే. రోజుకి మామూలు పని 8 గంటలు, అదనపు పనితో కలిపి 14 మించకూడదు, వారానికి 60. 'మేర' అన్నారు కాబట్టి 14 అన్నది గరిష్ఠమని తెలుస్తోంది. 'పనివేళ' అని ఉంటే తప్పయ్యేది. ఇంకో పద్యానికి వస్తువు కావాలంటే అదే చట్టంలో ఉంది: ఒప్పందం ఇరుపక్షాలకీ అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా ఉండాలి.

మల్లెపాదు:

కాలు తీగఁ దగిలి గార్సియా కూలఁగా
సెట్టులోన వైద్యసేవ లేదు
తప్పు దిద్దుకొనఁగఁ దడవాయె నైదేండ్లు
చచ్చినట్టివాఁడు చట్టమయ్యె

యతిమైత్రి: కా-గా, సె-సే, త-ద. వేలు పెట్టడానికి చోటు లేదు. పేరుని నాలుగో గణంలో ర-గణంగా నిలిపి, దానికి యతి కోసం పద్యాన్ని 'కాలు'తో మొదలుపెట్టారు. 'ఏండ్లు' కళ (ద్రుతం లేని మాట) కాబట్టి సమస్య కూడా చకారంతోనే నిలిచింది.

గోదారిగట్టు: 'చచ్చిన' అన్న మాట అంత పెద్దాయనకి మోటుగా ఉందని మొదట్లో అనిపించింది. 'గతించు' వాడే సమస్య ఇస్తే బాగుండేది కదా?

నిర్వహణ: ఆలోచించే ఇచ్చాం. 'గతించిన' అంటే మంచం మీద, మనవల మధ్య పోయినట్టు ఉంటుంది. ఇది పనిలో చావు. మాట మెత్తబడితే మల్లెపాదు గారి రెండో పాదానికి ఆ పదును రాదు.

తెరవెలుగు: మల్లెపాదు గారి మూడో పాదమే నన్ను పట్టుకుంది. పనిచోట భద్రత గురించిన చట్టం 11058 అక్కడ 2018లోనే ఉంది. అయినా సెట్టులో వైద్యులు లేరు. సినిమా, టీవీ పనివాళ్ళ కోసం విడిగా మరో చట్టం రావడానికి 2019 జూన్ నుంచి 2024 మే దాకా పట్టింది. 'తడవాయె' అనడంలో నింద ఉంది, అరుపు లేదు.

నిర్వహణ: ఈ వారం ఉత్తమ పూరణ మల్లెపాదు గారిది. సవరించిన రూపాలతో మిగిలిన మూడూ సంకలనంలో చేరతాయి. వచ్చే వారం తేటగీతి పాదం ఇస్తాం.