రాత్రి బ్యాకప్ టైములో డేటాబేస్ వీఎమ్ (వర్చువల్ మెషీన్) ఆగిపోతోంది, మెమరీ లిమిట్ ఎంత పెట్టాలి?

పోర్టురోడ్_సిస్టమ్స్
అందరికీ నమస్కారం. వైజాగ్ పోర్టు ఏరియాలో ఒక క్లియరింగ్ ఏజెంట్ ఆఫీసులో సర్వర్లు చూస్తుంటాను. 32 జీబీ ర్యామ్ ఉన్న ఒకే మెషీన్, ఉబుంటు లినక్స్ మీద కేవీఎమ్ (ఒకే మెషీన్‌లో చాలా వీఎమ్‌లు నడిపే సదుపాయం), అందులో నాలుగు వీఎమ్‌లు: టాలీ నడిచే విండోస్ సర్వర్‌కి 12, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఉన్న లినక్స్‌కి 8, ఫైల్ సర్వర్‌కి 4, టెస్టింగ్‌కి 4. సమస్యేంటంటే అర్ధరాత్రి బ్యాకప్ మొదలయ్యాక పోస్ట్‌గ్రెస్ వీఎమ్ ఉన్నట్టుండి ఆగిపోతోంది, లోపలి లాగ్‌లో షట్‌డౌన్ అయినట్టు ఒక్క ముక్క కూడా లేదు. పొద్దున్నే బిల్ ఆఫ్ ఎంట్రీలు (దిగుమతి సరుకుకి కస్టమ్స్‌లో ఇచ్చే పత్రాలు) ఫైల్ చేయాల్సిన వాళ్ళు వచ్చి నా సీటు దగ్గర నిలబడుతున్నారు, టెన్షన్‌గా ఉంది. ర్యామ్ కొనాలా, లేక లిమిట్లు మార్చాలా? ఈ లిమిట్లన్నీ ముందు సెటప్ చేసి వెళ్ళిన వాళ్ళు పెట్టినవే.

గాజువాక_అడ్మిన్
తమ్ముడూ, ర్యామ్ సంగతి తర్వాత, ముందు హోస్ట్‌లో (వీఎమ్‌లని మోసే అసలు మెషీన్‌లో) డీమెసేజ్, అంటే కెర్నల్ (లినక్స్ మూల భాగం) రాసే లాగ్, తీసి చూడు. క్యూఈఎమ్‌యూ (హోస్ట్‌లో ఒక్కో వీఎమ్‌ని నడిపే ప్రోగ్రామ్) ప్రాసెస్‌ని చంపినట్టు ఒక లైను ఉంటుంది. ఆ లైను "అవుట్ ఆఫ్ మెమరీ" అని మొదలైతే మొత్తం మెషీన్‌కే మెమరీ చాలలేదని అర్థం. "మెమరీ సీగ్రూప్ అవుట్ ఆఫ్ మెమరీ" అని ఉంటే మాత్రం (సీగ్రూప్ అంటే ప్రాసెస్‌లకి హద్దు కట్టే కెర్నల్ ఏర్పాటు) హోస్ట్‌లో ఖాళీ ఉన్నా ఆ ఒక్క వీఎమ్‌కి కట్టిన హద్దే దాన్ని చంపింది. రెండింటికీ మందు వేరు. అలాగే విర్ష్ డంప్‌ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో (వీఎమ్ సెట్టింగులు చూపించే కమాండ్) మెమ్‌ట్యూన్ అనే మెమరీ హద్దుల భాగం ఉందేమో చూసి ఇక్కడ రాయి.

పోర్టురోడ్_సిస్టమ్స్
చూశాను అన్నా. రెండోదే, మెమరీ సీగ్రూప్ అని స్పష్టంగా ఉంది. మెమ్‌ట్యూన్‌లో హార్డ్ లిమిట్ 8388608 అని ఉంది. మిగతా మూడింటికీ వాటి వాటి ర్యామ్ ఎంతో హార్డ్ లిమిట్ కూడా అంతే.

గాజువాక_అడ్మిన్
దొరికింది. ఆ అంకె కిబీబైట్లలో (ఒక్కోటి 1024 బైట్లు) ఉంటుంది, అంటే సరిగ్గా 8 జీబీ. గెస్ట్‌కి (అంటే వీఎమ్‌కి) ఇచ్చింది 8, దాన్ని మోసే ప్రాసెస్‌కి పెట్టిన హద్దూ 8. క్యూఈఎమ్‌యూకి గెస్ట్ ర్యామ్ ఒక్కటే కాదు కదా, వీడియో మెమరీ, డిస్కు బఫర్లు, థ్రెడ్‌ల స్టాక్‌లు అన్నీ దాని లెక్కలోకే వస్తాయి. పగలు గెస్ట్ తన ర్యామ్ మొత్తం ముట్టుకోదు కాబట్టి గడిచిపోతోంది. రాత్రి బ్యాకప్ డిస్కంతా చదివేసరికి గెస్ట్ లోపల కాష్ (చదివిన డేటా దాచుకునే ర్యామ్ భాగం) నిండి 8 జీబీ పూర్తిగా వాడకంలోకి వస్తుంది, పైన ఈ అదనపు ఖర్చు పడగానే కెర్నల్ వచ్చి చంపేస్తుంది. కరెంటు పీకేసినట్టే, అందుకే లోపలి లాగ్‌లో ఏమీ లేదు. డేటాబేస్ విషయంలో ఇది చాలా ప్రమాదం, ఇంకో రాత్రి గడవనివ్వకు.

ఎంత పెంచాలి అని అడగొద్దు, హార్డ్ లిమిట్ అసలు పెట్టొద్దని లిబ్‌విర్ట్ (విర్ష్ వెనకుండే సాఫ్ట్‌వేర్) డాక్యుమెంటేషన్‌లోనే గట్టిగా చెబుతారు, ఆ అదనపు ఖర్చు ఇంత అని ముందే లెక్క కట్టలేం కాబట్టి. గెస్ట్ ఎలాగూ తనకిచ్చిన 8 దాటి ఒక్క పేజీ (మెమరీలో చిన్న ముక్క) కూడా తీసుకోలేదు, ఆ కాపలా మెమరీ సెట్టింగే కాస్తుంది. విర్ష్ మెమ్‌ట్యూన్‌లో హార్డ్ లిమిట్‌కి మైనస్ 1 ఇస్తే హద్దు తీసేసినట్టు. లైవ్, కాన్ఫిగ్ రెండూ ఇవ్వు, లేకపోతే రీస్టార్ట్ అయ్యాక పాత అంకె మళ్ళీ వచ్చి కూర్చుంటుంది.

మధురవాడ_మేఘం
అన్నగారు చెప్పింది నూటికి నూరు శాతం కరెక్ట్. అయితే హద్దులు తీశాక మీ మొత్తం 28 అవుతుందండి, హోస్ట్‌కి 4 మిగులుతుంది, నాలుగు వీఎమ్‌ల అదనపు ఖర్చూ అందులోంచే పోవాలి. అది చాలక హోస్ట్‌కే మెమరీ అయిపోతే కెర్నల్ సాధారణంగా అన్నిటికంటే పెద్ద ప్రాసెస్‌ని పట్టుకుంటుంది, అంటే మీ టాలీ. అందుకని టెస్టింగ్ వీఎమ్‌ని 2కి దించండి. విండోస్‌కి మెమరీ 12 అలాగే ఉంచి, విర్ష్ సెట్‌మెమ్‌తో ప్రస్తుత మెమరీ 10 చేయండి. బెలూన్ డ్రైవర్ లోపల ఆ 2 జీబీ పట్టుకుని హోస్ట్‌కి వదిలేస్తుంది. విండోస్‌లో విర్ట్‌ఐఓ డ్రైవర్లు (బెలూన్ డ్రైవర్ వీటిలోదే) వేసి ఉండాలి, లేకపోతే కమాండ్ ఎర్రర్ ఇవ్వకుండానే పోవచ్చు కానీ ఏమీ తగ్గదు. వేశాక టాస్క్ మేనేజర్‌లో మొత్తం 12 అనే చూపించి వాడకం పెరిగినట్టు కనిపిస్తుంది, కంగారు పడకండి, బెలూన్ పట్టుకున్నది కూడా వాడకం కిందే లెక్కేస్తుంది. లినక్స్‌లో అయితే మొత్తమే తగ్గినట్టు కనిపిస్తుంది.

ఇంకో మాట, లిబ్‌విర్ట్ ఒక్కటే ఉంటే బెలూన్ దానంతటది కదలదు, మీరే మార్చాలి. ప్రాక్స్‌మాక్స్‌లో (కేవీఎమ్‌నే వాడే ఇంకో సాఫ్ట్‌వేర్) హోస్ట్ వాడకం 80 శాతం దాటితే అదే చూసుకుంటుంది. పోస్ట్‌గ్రెస్ వీఎమ్ జోలికి మాత్రం బెలూన్‌తో వెళ్ళకండి. షేర్డ్ బఫర్స్ (పోస్ట్‌గ్రెస్ తన డేటా కోసం పక్కన పెట్టుకునే ర్యామ్) ఇంత అని మీరు పెట్టుకున్న లెక్క కింద నుంచి ర్యామ్ లాగేస్తే డేటాబేస్ స్వాప్‌లోకి (ర్యామ్ బదులు డిస్కు మీదికి) పోతుంది.

కొండపక్క_రూట్
కేఎస్‌ఎమ్ (లినక్స్ కెర్నల్‌లోని సదుపాయం) ఆన్ చేస్తే ఒకేలా ఉన్న పేజీలు కలిసిపోయి చాలా మిగులుతుంది, నేను ఎప్పుడూ అదే వాడతాను. ఇక్కడ ట్రై చేయలేదా?

గాజువాక_అడ్మిన్
ఒకే విండోస్ కాపీలు పది నడిపే ల్యాబ్‌లో అయితే బంగారంలా పనిచేస్తుంది బ్రదర్. ఇక్కడ ఒక విండోస్, లోపల వేర్వేరు పనులు చేసే మూడు లినక్స్‌లు, కలిసే పేజీలు తక్కువ, స్కానింగ్‌కి సీపీయూ మాత్రం పోతూనే ఉంటుంది. పైగా కలిసిన పేజీలో ఏ వీఎమ్ రాసినా అది మళ్ళీ విడిపోతుంది, అలా అన్నీ ఒక్కసారి విడిపోతే మిగిలిందనుకున్న ర్యామ్ అప్పటికప్పుడు కావాలి. ఆ మిగులు నమ్ముకుని ఇంకో వీఎమ్ ఎక్కించకూడదు.

పోర్టురోడ్_సిస్టమ్స్
హార్డ్ లిమిట్లు నాలుగూ తీసేశాను, టెస్టింగ్‌ని 2 చేశాను, రాత్రి బ్యాకప్ పూర్తయింది. చాలా థ్యాంక్స్ అన్నా, మీకు కూడా థ్యాంక్స్ అండి. విండోస్‌లో డ్రైవర్లు ఆదివారం వేస్తాను. ఒక్క డౌట్, విర్ష్ డోమ్‌మెమ్‌స్టాట్‌లో (వీఎమ్ మెమరీ లెక్కలు చూపించే కమాండ్) యాక్చువల్ 8388608 ఉంటే ఆర్‌ఎస్‌ఎస్ దానికంటే ఎక్కువ చూపిస్తోంది, ఇది లీకా?

గాజువాక_అడ్మిన్
లీక్ కాదు. ఆర్‌ఎస్‌ఎస్ అంటే హోస్ట్ వైపు ఆ ప్రాసెస్ నిజంగా పట్టుకున్న మెమరీ, నేను చెప్పిన అదనపు ఖర్చు అక్కడే కనిపిస్తుంది. రెండింటికీ తేడా కొన్ని వందల ఎంబీల్లో నిలకడగా ఉంటే పరవాలేదు, రోజురోజుకీ పెరుగుతూ పోతే అప్పుడు అనుమానించు. గెస్ట్ లోపల ఫ్రీ కమాండ్‌తో చూసేటప్పుడు ఫ్రీ కాలమ్ కాదు, అవైలబుల్ కాలమ్ చూడు, కాష్‌ని అవసరమైతే లినక్స్ వదిలేస్తుంది. బ్యాకప్ నడుస్తున్నప్పుడు కూడా అవైలబుల్ 2 జీబీకి దిగకపోతే ర్యామ్ కొనే పని లేదు, దిగుతుంటే మాత్రం మేనేజర్‌కి ఆ అంకెలే చూపించి అడుగు.