అప్‌డేట్: హెల్సింకీలో మా మినసోటా అతిథి

మినసోటా నుంచి వస్తున్న కొలీగ్‌కి, వాళ్ల తాతమ్మది ఫిన్లాండ్ కాబట్టి, వీకెండ్‌లో హెల్సింకీలో ఏం చూపించాలని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

సువోమెన్‌లిన్నా కోట, ఫిన్లాండ్ సంగీతకారుడు సిబెలియస్ స్మారకంలోని పైపుల కింద ఫోటోలు, అన్నీ చకచకా అయిపోయాయి. అసలు హిట్ మాత్రం కల్లియో అనే పేటలోని కోతిహర్యు సౌనా, అంటే అందరూ కలిసి కూర్చునే వేడి ఆవిరి గది. 1928 నాటిది, ఇప్పటికీ కట్టెలతోనే కాస్తారు. ఆడవాళ్లకి విడిగా ఉంటుంది, నిజమే, అయినా బట్టల్లేకుండా కూర్చోవాలంటే నాకు ఒకటే టెన్షన్! మా కొలీగ్ ఆవిడేమో పుట్టింటికి వచ్చినట్టు నేరుగా పై మెట్టెక్కి కూర్చుంది. తర్వాత టవల్ చుట్టుకుని వీధి పక్కనే చల్లగాలికి కూర్చున్నాం, అక్కడ అందరూ అంతే. ఎవరూ తలెత్తి చూడరు.

మార్కెట్‌లో ‘కరేలియన్ పై’ అనే ఫిన్లాండ్ పిండివంట తిన్నాం. రై అనే ధాన్యం పిండితో చేసిన పల్చటి అంచులు వేళ్లతో నొక్కి ఉంటాయి, లోపల పాలల్లో ఉడికించిన అన్నం, పైన గుడ్డు కలిపిన వెన్న. నాకు చప్పగా అనిపించింది. ఆవిడ ఇంకోటి అడిగి తీసుకుంది, చిన్నప్పుడు అమ్మమ్మ చేసేదట.

ఒకప్పుడు ఫిన్లాండ్ వాళ్లు అమెరికాకి వలస బయల్దేరిన హాంకో రేవు చూపించమన్నారు ఒకరు. మంచి ఐడియానే, కానీ రానూపోనూ రైల్లోనే చాలా టైమ్ పోతుంది. అది ఈసారి కుదరలేదు.