ఆరాధనకూ రాగాలకూ ఒకే ఎలక్ట్రిక్ గిటార్: ఏ మోడల్ కొనాలి?

ప్రశ్న (రాజమహేంద్రవరం నుంచి)

అందరికీ నమస్కారం. నేను మూడేళ్లుగా అకూస్టిక్ గిటార్ వాయిస్తున్నాను. ఆదివారం ఆరాధనలో క్వైర్‌కు తోడుగా వాయించడం నా మొదటి పని. పాత క్రైస్తవ కీర్తనలను, వాటి పైన అచ్చువేసి ఉండే రాగాల్లోనే వాయించుకోవాలన్నది రెండో తాపత్రయం; చిన్నప్పుడు నాలుగేళ్లు వీణ నేర్చుకున్నందువల్ల అది నన్ను వదలడం లేదు. అకూస్టిక్ మీది లావు తీగలు గమకానికి, అంటే తీగను లాగి స్వరాన్ని ఊపడానికి, లొంగవు, పైగా లాగేలోపే స్వరం ఆరిపోతుంది. అందుకని ఎలక్ట్రిక్ గిటార్ కొనాలని నిర్ణయించుకున్నాను. యాంప్‌తో కలిపి 40,000 రూపాయల వరకు పెట్టగలను. స్క్వయర్ స్ట్రాటోకాస్టర్, ఎపిఫోన్ లెస్ పాల్, యమహా పసిఫికా 112, ఈ మూడింటి మధ్య తేల్చుకోలేకపోతున్నాను. మిత్రుడి స్ట్రాటోకాస్టర్ తరహా గిటార్‌ను ఒకసారి చర్చికి తీసుకువెళితే, ప్రార్థన జరిగినంతసేపూ స్పీకర్లలో జుయ్యిమనే మోత ఆగలేదు. అది ఆ గిటార్ లోపమా, లేక ఆ మోడల్ స్వభావమే అంతా?

మొదటి జవాబు (విజయవాడ నుంచి)

లోపం కాదు, స్వభావమే. 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్‌కు మూడు సింగిల్ కాయిల్ పికప్‌లు ఉంటాయి. పికప్ అంటే అయస్కాంతాల చుట్టూ సన్నని రాగి తీగను వేల చుట్లు చుట్టిన కండె. అది గిటార్ తీగల కదలికతో పాటు గదిలోని వైరింగు, ట్రాన్స్‌ఫార్మర్లు, ట్యూబ్‌లైట్ల చోక్‌లు వెదజల్లే 50 హెర్ట్జ్ మోతను కూడా పట్టేస్తుంది. ఈసారి మోత వచ్చినప్పుడు గిటార్ పట్టుకుని నిలబడ్డ చోటే మెల్లగా పక్కకు తిరిగి చూడండి. ఏదో ఒక దిక్కున అది బాగా తగ్గిపోతుంది. పెళ్లి పందిళ్లలో సీరియల్ లైట్ల పక్కన నిలబడి ఇరవై ఏళ్లుగా నేను చేస్తున్న ప్రదక్షిణ ఇదే.

ఈ బాధ తీర్చడానికే గిబ్సన్‌లో పనిచేసిన సెత్ లవర్ 1955లో హంబకర్ అనే పికప్‌ను రూపొందించారు. అందులో పక్కపక్కన ఉండే రెండు కాయిల్‌లను, వాటి అయస్కాంత ధ్రువాలను ఒకదానికొకటి ఎదురుగా అమర్చడం వల్ల రెండింటిలోని మోత పరస్పరం రద్దవుతుంది, తీగల స్వరం మాత్రం కలిసి బలపడుతుంది. లెస్ పాల్‌లో సాధారణంగా రెండూ హంబకర్లే. అయితే నాలుగు కిలోలు దాటే లెస్ పాల్‌లు ఉన్నాయి. రెండు గంటల ఆరాధన ముగిసేసరికి మీ ఎడమ భుజం ఆ సంగతి చెబుతుంది. పసిఫికా 112లో బ్రిడ్జ్ (తీగల కింది కొసలను పట్టి ఉంచే భాగం) దగ్గర హంబకర్, మిగతా రెండు చోట్ల సింగిల్ కాయిల్‌లు ఉంటాయి. కొనేటప్పుడు 112 వి అని అడిగి తీసుకోండి. టోన్ నాబ్‌ను పైకి లాగి హంబకర్‌లో ఒక కాయిల్‌ను మాత్రమే వాడుకునే సదుపాయం దానికి ఉంది, అదే వరుసలోని 112 జెకు లేదు. నా ఓటు దానికే.

రెండో జవాబు (హైదరాబాద్ నుంచి)

మోత విషయంలో పై మిత్రుడు చెప్పినదంతా సరైనదే, కాని గమకం సంగతిని ఆయన ముట్టుకోలేదు. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ గారు జంట తీగల మాండలిన్‌ను వదిలి, ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌ను ఎంచుకున్నారు. జంట తీగలను కలిపి లాగడం కష్టం, యాంప్ తోడు లేకపోతే లాగిన స్వరం నిలవడమూ కష్టం. మీరు చూడవలసింది కూడా ఈ రెండే.

స్ట్రాటోకాస్టర్, పసిఫికాల స్కేల్ పొడవు, అంటే తీగ మోగే భాగం పొడవు, 25.5 అంగుళాలు, లెస్ పాల్‌ది 24.75 అంగుళాలు. ఒకే మందం తీగలను ఒకే శ్రుతికి బిగిస్తే లెస్ పాల్ మీద బిగువు సుమారు 6 శాతం తగ్గుతుంది. ఆ తేడా అంకెలో చిన్నదే కాని, తోడి గాంధారాన్ని ఊపుతున్నప్పుడు వేలికి తెలుస్తుంది. అంతకన్నా ముఖ్యమైనది బ్రిడ్జ్. స్ట్రాటోకాస్టర్‌కూ పసిఫికాకూ ఉండే ట్రెమోలో బ్రిడ్జ్ (కడ్డీతో ఊపి శ్రుతిని మార్చగలిగే బ్రిడ్జ్) స్ప్రింగుల మీద తేలేలా అమర్చి ఉంటే, మీరు ఒక తీగను లాగినప్పుడు అది కొద్దిగా ముందుకు ఒరిగి మిగతా తీగల శ్రుతిని దించేస్తుంది. షడ్జమం తీగను మీటుతూ పక్క తీగ మీద గమకం పలికిస్తే, ఆ షడ్జమమే కిందికి జారుతుంది. వీణ నేర్చుకున్న చెవి దాన్ని భరించలేదు. లెస్ పాల్‌ది స్థిరమైన బ్రిడ్జ్ కాబట్టి ఈ పేచీ లేదు. నేనైతే బరువుకు ఓర్చుకుని దాన్నే కొంటాను.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. మీరు చెప్పినవి రెండూ నాకు కావలసినవే, కాని నాకు నడుము నొప్పి ఉంది. పసిఫికా బ్రిడ్జ్‌ను కదలకుండా చేసే దారి ఏమైనా ఉందా?

మూడో జవాబు (విశాఖపట్నం నుంచి)

ఉంది, పైగా ఖర్చు లేనిది. గిటార్ వెనుక మూత తీస్తే స్ప్రింగులను పట్టుకున్న రెండు స్క్రూలు కనిపిస్తాయి. బ్రిడ్జ్ వెనుక అంచు చెక్కకు గట్టిగా ఆనేవరకు వాటిని కొద్దికొద్దిగా బిగించి, మళ్లీ శ్రుతి చేసుకోండి. ఇంకా నమ్మకం కావాలంటే లోపలి ఖాళీలో సరిగ్గా ఇమిడే చెక్కముక్కను దూర్చవచ్చు. తీగలు సన్నవి, 9 గేజ్‌వి వేయించండి. పసిఫికా ఫింగర్‌బోర్డు వంపు 13.75 అంగుళాల రేడియస్‌ది, అంటే బాగా చదునైనది, కాబట్టి ఎంత దూరం లాగినా తీగ పై ఫ్రెట్లకు (మెట్లకు) తగిలి నోరు మూసుకునే ప్రమాదం తక్కువ.

యాంప్ మీద డబ్బు ఎక్కువ తగలేయకండి. ఇంటికి 10 నుంచి 20 వాట్లు ధారాళంగా సరిపోతాయి. చర్చిలో ఎలాగూ మైక్ సెట్ ఉంటుంది కాబట్టి, మిక్సర్‌కు కలిపే లైన్ అవుట్ ఉన్న యాంప్‌నే చూడండి. కీబోర్డును కలిపినట్టు గిటార్‌ను నేరుగా మిక్సర్‌కు తగిలిస్తే స్వరం పస లేకుండా వినిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు (మూడు వారాల తరువాత)

112 వి కొన్నాను. దుకాణంలో స్టీలు స్కేలు పెట్టి చూస్తే 12వ ఫ్రెట్ దగ్గర లావు తీగ ఎత్తు దాదాపు 3 మిల్లీమీటర్లు ఉంది. ట్రస్ రాడ్‌నూ (మెడ వంపును సరిచేసే లోపలి కడ్డీ) బ్రిడ్జ్‌నూ సరిచేయించి 2కు దించుకున్నాను. బ్రిడ్జ్‌ను చెక్కకు ఆనించాక షడ్జమం కదలడం లేదు. మోత విషయానికి వస్తే, హంబకర్ మీద లేదు, మెడ దగ్గరి పికప్ మీద ఉంది; అందుకని ప్రార్థన సమయంలో వాల్యూమ్ పూర్తిగా తగ్గించేస్తున్నాను. ట్రెమోలో కడ్డీని సంచిలోంచి బయటికే తీయలేదు.