ట్రయల్స్‌లో ఓడిన ఛాంపియన్‌ను ఒలింపిక్స్‌కు పంపడం న్యాయమేనా?

తిరుపతి నాన్న:
మా పాప జూడో క్లాసు బయట తల్లిదండ్రుల మధ్య మొదలైన వాదన ఇది. జపాన్ 48 కేజీల ఛాంపియన్ రియోకో తానీ సంగతి. 1992 నుంచి 2008 దాకా అయిదు ఒలింపిక్స్, అయిదు పతకాలు, అందులో రెండు బంగారం. ఆమె గొప్పతనం మీద గొడవే లేదు. బాబు పుట్టాక 2007లో తిరిగొచ్చి, జాతీయ సెలక్షన్ ఫైనల్లో తొమోకో ఫుకుమి చేతిలో ఓడింది. అయినా ప్రపంచ పోటీలకు ఆమెనే పంపారు. 2008లో ఎమి యమాగిషి చేతిలో ఓడింది, బీజింగ్‌కు మళ్ళీ ఆమెనే పంపారు. గెలిచినవాళ్ళు ఇంట్లో కూర్చోవాలంటే ట్రయల్స్ పెట్టడం దేనికి?

చిత్తూరు కోచ్:
అన్నా, ఒక్క బౌట్ చూసి టీమ్ వేయరు. జూడోలో ఒక్క పట్టు జారితే ఇప్పోన్, అంతటితో ఆట ముగిసినట్టే. విదేశీ ప్లేయర్ల మీద ఎవరు నిలబడతారో చూడాలి. 2007లో ఓడినా రియో వెళ్ళి ఏడో ప్రపంచ టైటిల్ కొట్టింది కదా. మన సుశీలా దేవినే చూడండి. 2014 గ్లాస్గో కామన్వెల్త్‌లో రజతం, 2022 బర్మింగ్‌హామ్‌లో మళ్ళీ రజతం. టోక్యో ఒలింపిక్స్‌కు మన దేశం నుంచి జూడోలో వెళ్ళింది ఆమె ఒక్కతే. ఆ బెర్తు ర్యాంకింగ్ పాయింట్లతో వచ్చింది, ఒక రోజు ట్రయల్‌తో కాదు.

తిరుపతి నాన్న:
రియో బంగారం వచ్చింది కాబట్టి రైటు అంటే, బీజింగ్ సెమీస్‌లో అలీనా దుమిత్రు మీద పెనాల్టీతో ఓడి కాంస్యంతో వచ్చింది కాబట్టి తప్పు అనాలి సార్. టీమ్ వేసే రోజున ఆ రెండూ ఎవరికీ తెలియవు. ఫుకుమి తానీని 2002లోనూ ఓడించింది, స్కూల్ పిల్లగా ఉన్నప్పుడే. 2009లో తనే ప్రపంచ ఛాంపియన్ అయింది. అంతటి ఆటగత్తె ఒలింపిక్స్‌కు వెళ్ళడానికి 2012 దాకా ఆగాల్సి వచ్చింది.

ఒక సెలక్షన్‌లో నా కళ్ళతో చూశాను. 300 గ్రాములు ఎక్కువుందని ఒక పిల్ల పొద్దున్నుంచి నీళ్ళు కూడా తాగకుండా స్కిప్పింగ్ చేసి, బరువు తగ్గి, ఫైనల్ గెలిచింది. లిస్టులో మాత్రం ముందటేడు మెడల్ తెచ్చిన అమ్మాయి పేరు పడింది. గెలిచిన పిల్ల వేళ్ళకు చుట్టుకున్న టేపు పీక్కుంటూ కూర్చుంది, ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ పిల్లకు మీరేం చెబుతారు?

చిత్తూరు కోచ్:
అది అన్యాయమే, కాదనను. కానీ అక్కడ రూలు ముందుగా చెప్పకపోవడం తప్పు. పాత రికార్డు చూడటం తప్పు కాదు.

పలమనేరు అక్క:
ఇద్దరూ ఒకటి వదిలేశారు. తానీ కాన్పు వల్ల రెండేళ్ళకు పైగా పోటీలకు దూరంగా ఉంది. నేనూ ఆడి, పెళ్ళయ్యాక మానేసినదాన్నే. తిరిగొస్తానంటే "ఇంకెందుకమ్మా" అన్నారు. ఆమెను మాత్రం జపాన్ నమ్మింది, అందుకే నాకు ఆమె అంటే అంత ఇష్టం. అయినా ఫుకుమికి జరిగింది నేను ఒప్పుకోను. అమ్మ అయిందని ఒకరికి దారి మూయకూడదు, అలాగని గెలిచిన పిల్లకూ మూయకూడదు.

తిరుపతి నాన్న:
అయితే ట్రయల్‌కు ఇన్ని మార్కులు, పాత ఫలితాలకు ఇన్ని అని నెల ముందే నోటీసు బోర్డులో పెట్టమనండి. అప్పుడు తానీ వెళ్ళినా నేను నోరెత్తను.

పలమనేరు అక్క:
పెట్టమనండి. కాన్పుకు ఆగిన కాలానికి సున్నా వేయకూడదని కూడా అందులోనే రాయమనండి.