సౌండ్ బ్లాస్టర్ 16: మ్యూజిక్ వస్తోంది, తుపాకీ మాత్రం పేలట్లేదు

పాతపెట్టె_పిచ్చోడు:
అన్నలూ హెల్ప్ కావాలి. అటక మీద పడున్న పెంటియం 166 దించి దుమ్ము దులిపా, బోర్డు మీద సెల్ చచ్చిపోయుంటే కొత్త సీఆర్2032 వేశా, ఆన్ అయింది, డాస్ 6.22 (పాత ఆపరేటింగ్ సిస్టమ్) కూడా బూట్ అవుతోంది, అక్కడిదాకా హ్యాపీ. అందులో ఐఎస్ఏ (పాత రకం స్లాట్) సౌండ్ బ్లాస్టర్ 16 సౌండ్ కార్డు ఉంది, పెట్టగానే దానంతటదే సర్దుకునే ప్లగ్ అండ్ ప్లే రాకముందుది. గేమ్ పెడితే మ్యూజిక్ బ్రహ్మాండంగా వస్తోంది కానీ తుపాకీ కాలిస్తే ఒక్క ముక్క వినబడి అదే ముక్క ఢఢఢఢ అని తిరుగుతూనే ఉంటుంది, ఇక రీసెట్ కొట్టడమే. కార్డు పీకి కాళ్లు రబ్బరుతో తుడిచా, స్లాట్ మార్చా, గేమ్ సెటప్‌లో ఐఆర్‌క్యూ (కార్డు ప్రాసెసర్‌ని పిలిచే లైన్ నంబరు) 5, 7 రెండూ పెట్టి చూశా, లాభం లేదు. పక్కన ఒక పీసీఐ (ఐఎస్ఏ తర్వాత వచ్చిన స్లాట్) నెట్‌వర్క్ కార్డు కూడా ఉంది, అంతకుమించి ఏమీ లేవు. కార్డు పోయినట్టేనా?

జంపర్_రాజు:
కార్డు మీద ఐఆర్‌క్యూ జంపర్ (పిన్నులకి తొడిగే చిన్న టోపీ) 5 మీద పెట్టు బ్రో, అయిపోద్ది.

పాతపెట్టె_పిచ్చోడు:
వెతికా అన్నా, 220, 240 అని అడ్రస్ జంపర్లు కనిపిస్తున్నాయి గానీ ఐఆర్‌క్యూ అని ఎక్కడా రాసిలేదు.

స్లాట్_మేస్త్రి:
ఉండదు. మొదటి సౌండ్ బ్లాస్టర్లకి ఐఆర్‌క్యూ జంపర్ ఉండేది, 16 కి వచ్చేసరికి ఐఆర్‌క్యూ, డీఎంఏ (ప్రాసెసర్ ప్రమేయం లేకుండా మెమరీ నుంచి కార్డుకి డేటా చేరే దారి) రెండూ సాఫ్ట్‌వేర్‌తోనే పెట్టాలి. కార్డు ఏమీ పోలేదు తమ్ముడూ, నువ్వు చెప్పిన లక్షణంలోనే జబ్బు తెలిసిపోతోంది. మ్యూజిక్ వచ్చేది కార్డు మీదే స్వరాలు పుట్టించే ఎఫ్ఎం చిప్ నుంచి, గేమ్ దానికి 388 పోర్టులో నేరుగా రాసుకుంటూ పోతుంది, ఐఆర్‌క్యూతో పనే లేదు, అందుకే అది బాగా వస్తోంది. తుపాకీ శబ్దం అలా కాదు, డీఎంఏ మెమరీలోంచి ముక్క తీసి కార్డుకి ఇస్తుంది, ముక్క అయిపోగానే కార్డు ఐఆర్‌క్యూ కొట్టి "తర్వాతది పెట్టు" అని చెప్పాలి. ఆ పిలుపు గేమ్‌కి అందకపోతే డీఎంఏ పాత ముక్కనే మళ్లీ మళ్లీ తిప్పుతుంది. అంటే నీ డీఎంఏ బాగుంది, చిక్కంతా ఐఆర్‌క్యూలోనే. (అసలేమీ వినబడకపోతే అప్పుడు డీఎంఏని అనుమానించాలి.)

ఇప్పుడు ఆటోఎగ్జెక్.బ్యాట్ (బూట్ అయ్యేప్పుడు డాస్ నడిపే ఫైలు) తెరువు. సెట్ బ్లాస్టర్=ఏ220 ఐ5 డి1 హెచ్5 టి6 అని ఉందా? (ఏ అంటే అడ్రస్, ఐ అంటే ఐఆర్‌క్యూ, డి 8 బిట్ డీఎంఏ, హెచ్ 16 బిట్ డీఎంఏ, టి కార్డు రకం.) చాలామంది ఈ లైన్ రాసి పనైపోయింది అనుకుంటారు, అది కేవలం గేమ్‌కి చెప్పే చీటీ, కార్డుని ముట్టుకోదు. దాని కింద డయాగ్నోజ్ /ఎస్ లైన్ ఉండాలి, ఆ చీటీ చదివి కార్డుకి నిజంగా పెట్టేది అదే. పైన కాదు, కిందే. ప్రతి బూట్‌లోనూ నడవాలి.

బయోస్_బాబాయ్:
మేస్త్రి చెప్పింది కరెక్టే గానీ నాకు ఆ సెల్ మీదే డౌటు. సెల్ చచ్చిందంటే బయోస్ (ఆన్ అవగానే మొదట నడిచే బోర్డు ప్రోగ్రాం) సెట్టింగులన్నీ డిఫాల్ట్‌కి పోయుంటాయి. మునుపు ఎవరో 5 ని ఐఎస్ఏ కోసం అట్టిపెట్టి ఉంటారు, ఇప్పుడది ఖాళీ అనుకుని బయోస్ నెట్‌వర్క్ కార్డుకి ఇచ్చేసుంటుంది. పీసీఐ కార్డులు రెండు మూడు ఒకే ఐఆర్‌క్యూలో సర్దుకుంటాయి, పాత ఐఎస్ఏది మాత్రం ఎవరితోనూ పంచుకోదు. బూట్ అయ్యేప్పుడు పీసీఐ డివైస్‌ల పట్టీ వస్తుంది కదా, పాజ్ కొట్టి చదువు. నెట్‌వర్క్ ఎదురుగా 5 ఉంటే బయోస్‌లో పీఎన్‌పీ/పీసీఐ కాన్ఫిగరేషన్‌కి వెళ్లి రిసోర్సెస్ మాన్యువల్ చేసి ఐఆర్‌క్యూ 5 ని లెగసీ ఐఎస్ఏ అని పెట్టు. 7 జోలికి పోకు, అది ప్రింటర్ పోర్టుది.

పాతపెట్టె_పిచ్చోడు:
బాబాయ్ నీ నోట్లో చక్కెర పొయ్య! పాజ్ కొట్టి చూస్తే నెట్‌వర్క్ కార్డు ఎదురుగా 5 అని కూర్చునుంది, లెగసీ ఐఎస్ఏ పెట్టగానే అది 11 కి జరిగింది. అయినా మొదట రాలేదు, ఎందుకంటే మేస్త్రి అన్న చెప్పినట్టే డయాగ్నోజ్ లైన్ సెట్ బ్లాస్టర్‌కి పైన ఉంది, తిరగేశాక పేలింది, ఇంట్లోవాళ్లు ఉలిక్కిపడ్డారు. ఇంకో చిన్నది, మరీ పాత గేమ్ ఒకటుంది, దాని సెటప్‌లో 16 అనే పేరే లేదు, ఉత్త సౌండ్ బ్లాస్టర్ అనే ఉంది, అది పెట్టుకోవచ్చా?

స్లాట్_మేస్త్రి:
పెట్టుకో, 220, 5, 1 ఇచ్చేయ్. హెచ్5 ని అది అడగదు కూడా, 8 బిట్ శబ్దానికి డి1 చాలు.

జంపర్_రాజు:
సారీ బ్రో, నాది పాత 8 బిట్ కార్డు, అన్నీ అలాగే ఉంటాయనుకున్నా 😅