అప్‌డేట్: ఇటాలియన్ ప్రోగ్ (ప్రోగ్రెసివ్ రాక్ సంగీతం) ఎక్కడ మొదలుపెట్టాలని అడిగాను కదా, విన్నాను

ఇంగ్లండ్ ప్రోగ్ బ్యాండ్లు జెనెసిస్, యెస్ విన్న తర్వాత ఇటలీ బ్యాండ్లలో ముందు ఎవర్ని వినాలని అడిగితే చాలామంది పీఎఫ్ఎమ్ (ప్రెమియాతా ఫోర్నెరియా మార్కోని) అన్నారు, కొందరు బాంకో (బాంకో దెల్ ముతువో సొక్కోర్సో) అని పట్టుబట్టారు. రెండూ విన్నాను, థ్యాంక్స్.

పీఎఫ్ఎమ్ తొలి ఆల్బమ్ (1972)లో ‘ఇంప్రెస్సియోని ది సెత్తెంబ్రే’ పాట అయితే వదలడం లేదు. నెమ్మదిగా పాడుకుంటూ వచ్చి, సరిగ్గా పల్లవి రావాల్సిన చోట మాటలు ఆపేసి మోగ్ సింథసైజర్‌కి అప్పజెప్పేశారు, ఆ ట్యూనే పల్లవి! ఇంగ్లిష్ బ్యాండ్ కింగ్ క్రిమ్సన్‌కి పాటలు రాసిన పీట్ సిన్‌ఫీల్డ్ ఇంగ్లిష్ సాహిత్యంతో 1973లో వచ్చిన వీళ్ల ‘ఫోటోస్ ఆఫ్ గోస్ట్స్’ ఆల్బమ్ కూడా విన్నాను కానీ నాకెందుకో ఎక్కలేదు, భాష అర్థం కాకపోయినా ఇటాలియన్‌లోనే బాగుంది.

బాంకో వేరే లెవెల్. ‘డార్విన్!’ ఆల్బమ్‌లో నొచెంజీ అన్నదమ్ములు ఒకరు ఆర్గాన్, ఒకరు పియానో మీద పోటాపోటీగా వాయిస్తుంటే పైన ఫ్రాంచెస్కో ది జాకొమో గొంతు, అచ్చం ఒపెరా. (వీళ్ల మొదటి ఎల్‌పీ కవర్ డబ్బులు దాచుకునే ముంత ఆకారంలోనే కత్తిరించి ఉంటుందట, ఒరిజినల్ ఎవరి దగ్గరైనా ఉంటే ఫోటో పెట్టండి.)

తర్వాత వినబోయేది లె ఓర్మె అనే మరో ఇటలీ బ్యాండ్ ఆల్బమ్ ‘ఫెలోనా ఎ సొరోనా’. ఇంగ్లిష్ గాయకుడు పీటర్ హామిల్ సాహిత్యం రాసిన ఇంగ్లిష్ వెర్షన్ కూడా ఉంది కానీ ముందు ఇటాలియన్‌దే. ‘ఏరియా’ అనే ఇటలీ బ్యాండ్ జోలికి ఇప్పుడే వెళ్లొచ్చా?