పెళ్లి ఫొటోగ్రఫీలోనే ఉండాలా, హైదరాబాద్‌లో జీతానికి చేరాలా?

ఫొటోగ్రఫీ ఫీల్డ్‌లో ఉన్న అన్నలు, అక్కలు కాస్త సలహా ఇవ్వండి. మాది ఖమ్మం. స్టూడియోల వాళ్లు పిలిస్తే క్యాండిడ్ ఫొటోలు (పోజులు పెట్టించకుండా సహజంగా తీసేవి) తీయడానికి వెళ్తుంటాను. పెళ్లికి 4,000 ఇస్తారు, కెమెరా నాదే. శ్రావణం, మాఘంలో ఊపిరాడదు. ఆషాఢం, పుష్యం వస్తే ఖాళీ. మధ్యలో మూఢం పడితే ఇక చెప్పక్కర్లేదు. పేరుకి ఒక్కరోజు పనే గానీ, పెళ్లికూతుర్ని చేయడం నుంచి అప్పగింతల దాకా నిలబడి, తర్వాత ఫొటోలు ఏరి, రంగులు సరిచేసి ఇచ్చేసరికి వారం పోతుంది.

ఈమధ్య సొంతంగా ఒక పెళ్లి ఒప్పుకున్నాను. బ్యాలెన్స్ అడిగితే "అమ్మాయి అమెరికాలో ఉంది, ఆల్బమ్‌కి ఫొటోలు సెలెక్ట్ చేశాక చూద్దాం" అంటున్నారు. పెళ్లి భోజనాల బిల్లు మాత్రం ఆ రోజే కట్టేశారు! మీరైతే అడ్వాన్స్ ఎంత తీసుకుంటారు, మిగతాది ఎప్పుడు వసూలు చేస్తారు?

హైదరాబాద్‌లో ఆన్‌లైన్ అమ్మకాల కోసం చీరలు, నగల ఫొటోలు తీసే ఉద్యోగాలు ఉన్నాయంటున్నారు. కొత్తవాళ్లకి జీతం ఎంత ఇస్తారు? అద్దె పోను ఏమైనా మిగులుతుందా? మాసబ్‌ట్యాంక్‌లోని ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ జేఎన్ఏఎఫ్ఏయూలో ఫొటోగ్రఫీ డిగ్రీ (బీఎఫ్ఏ) చేసినవాళ్లకే ప్రాధాన్యమా, తీసిన ఫొటోలు చూపిస్తే చాలా? నగల మీద లైటు మెరుపు అదుపు చేయడం నాకింకా రాదు. అది ఎక్కడ నేర్చుకోవచ్చో కూడా చెప్పగలరు.